గర్డరు కింద గంటసేపు

ముందు చక్రాలు వంతెన ఎక్కినట్టున్నాయి, తుప్పు పొడి ఆమె హెల్మెట్ మీద చిటపటమని రాలింది, ఆమె తలెత్తలేదు, తలెత్తితే కళ్ళలో పడుతుంది, కళ్ళలో పడితే సూది కనపడదు, ఈ పొద్దు ఈ లోకంలో ఆమె చూడవలసింది ఆ సూది ఒక్కటే. అరచేతిలో ఇమిడేంత గేజి, గడియారం లాంటి ముఖం, దాని నెత్తిన పొడుచుకొచ్చిన సన్నటి ఉక్కు పుల్ల పోయి వంతెనను మోసే ఇనుప గర్డరు పొట్టకు ఆనుకుని ఉంది, గర్డరు ఏమాత్రం కిందికి దిగినా పుల్ల లోపలికి పోతుంది, సూది తిరుగుతుంది, మిల్లీమీటరును వంద ముక్కలు చేసి అందులో ఒక ముక్క కదిలినా చెప్పేస్తుంది. ఏటి నడుమ ఇసుకలో ఇనుప గొట్టాలు పాతి, పైన పలకలు పరిచి కట్టిన మంచె మీద ఆమె ఒక్కతే నిలబడి ఉంది. పాదాల కింద పలకల సందుల్లోంచి నీళ్ళు, మోకాలి లోతు కూడా ఉండవు, ఏమీ పట్టనట్టు పోతున్నాయి. పైన ఇంజను గుర్రుమంది. సూది వణికింది. వణికి, ఒక గీత, రెండు గీతలు, ఆ తర్వాత ఎవరో వేలితో తిప్పినట్టు చరచరా ఒక చుట్టు చుట్టింది, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు, ఆగింది. మూడు మిల్లీమీటర్లు. గర్డరు వంగింది. ఇంత ఇనుము, ఏనుగంత ఇనుము, ఇసుక నింపిన టిప్పరు ఒక్కటి వచ్చి వీపున కూర్చునేసరికి మనిషి నడుము వంచినట్టు వంగింది. వంగుతుందని ఆమెకు తెలుసు, ఎంత వంగుతుందో కూడా కాగితం మీద తేల్చింది, అయినా తెలిసిన సంగతి కళ్ళ ముందు జరిగేసరికి ఒళ్ళు జలదరించింది.

నాలుగు టిప్పర్లూ ఎక్కాక పద్నాలుగు రావాలి. తన లెక్క అదే. గర్డరు పక్కన సుద్దముక్కతో పెద్దగా రాసి పెట్టుకుంది కూడా, పద్నాలుగు అని, ఆ అంకె ఇప్పుడు ఆమె ముఖానికి ఎదురుగా బడిలో పంతులమ్మలాగా నిలబడి చూస్తోంది. అంతకు మించితే ఈ వంతెన ఉండదు. పెద్ద ఇంజనీరు ఆ మాట దాచుకోలేదు, అసలు ఆయన ఎప్పుడో వంతెన మూసేసి కూల్చెయ్యమని రాసేశాడు, ఊరివాళ్ళు ఆ కాగితానికి అలవాటు పడిపోయారు కూడా, అవతలి ఒడ్డు వాళ్ళు కొండ చుట్టూ తిరిగొచ్చే రోడ్డుకు అలవాటు పడ్డట్టే. ఈమే వెళ్ళి బల్ల ముందు నిలబడింది. ప్రతి గర్డరు అడుగునా ఒక కొత్త ఉక్కు పలక అతికిద్దాం సార్, ఒక్క అవకాశం ఇవ్వండి అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "లెక్క బాగానే ఉందమ్మా, నేను కాదనను. తుప్పు నీ లెక్క వింటుందా అని నా భయం" అన్నాడు. ఆ మాటకు జవాబు వెతకడానికి ఆమె మర్నాడే నిచ్చెన వేసుకుని ఈ గర్డరు పొడుగునా పాకింది. గబ్బిలాల రెట్టలో మోచేతులు ఆన్చి, తుప్పు చెక్కి, ఎక్కడెంత ఇనుము మిగిలిందో వేలెడు వేలెడు కొలిచింది. నిలువుగా ఒక పొడవాటి రేకు, దాని నాలుగు మూలలా ఎల్ ఆకారపు కమ్మీలు, పైన ఒక అడ్డ పలక, కింద ఒక అడ్డ పలక, అన్నిటినీ కలిపి పట్టుకున్న రివెట్లు, లెక్కలేనన్ని రివెట్లు, బొత్తాల్లాగా. ఇప్పుడు అన్నిటికన్నా అడుగున ఆమె తొడిగిన కొత్త పలక. పనులు జరుగుతుండగా తమ్ముడు ఒకరోజు వచ్చి చూసి, "ఏనుగుకి చెప్పు తొడిగినట్టుందక్కా, దీనికేం బలం వస్తుంది?" అని పకపకా నవ్వాడు. "ఎంతుందని చూడకూడదురా, ఎక్కడుందో చూడాలి" అంది. వాడికి అర్థం కాలేదు. తల మాత్రం అర్థమైనట్టు ఊపాడు, వాడికి చిన్నప్పటి నుంచీ అదొక విద్య.

ఎక్కడుందో చూడాలి. ఆ మాట ఆమెది కాదు, ముక్కల మాస్టారిది. కాలేజీలో ఆయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్ళు, ఏ బొమ్మ గీసినా మొదట "ముక్కలు చెయ్యండి" అనేవాడు గనక. బోర్డు మీద పెద్ద టి ఆకారం గీసి, చేతులకున్న సుద్దపొడి చొక్కాకు తుడుచుకుని, "ఇది చూసి ఎవరికి భయమేస్తోంది?" అని అడిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు కానీ అందరికీ భయంగానే ఉంది. "దీన్ని మొత్తంగా చూస్తే నాకూ భయమే. ముక్కలు చెయ్యండి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. రెండూ మీకు తెలిసిన దీర్ఘచతురస్రాలే కదా?" వంగనని మొండికేసే గుణానికి ఒక కొలత ఉంది, దాని పేరు జడత్వ భ్రామకం. పేరు వినగానే వెనక బెంచీలో ఎవరో ఆవులించారు, ఆమె మాత్రం బోర్డు మీంచి చూపు తిప్పలేకపోయింది. దూలం వంగినప్పుడు పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది, మధ్యలో ఎక్కడో నొక్కుకోకా సాగకా ప్రశాంతంగా ఉండే గీత ఒకటుంటుంది, ముందు ఆ గీత ఎక్కడుందో పట్టుకోవాలి, అది అన్ని ముక్కలకీ ఉమ్మడి గీత. తర్వాత ఒక్కొక్క ముక్కనీ అడగాలి, నీ సొంత పట్టు ఎంత, ఆ గీత నుంచి నువ్వు ఎంత దూరంలో ఉన్నావు అని. సొంత పట్టు సాధారణంగా పిసరంత. అసలు బలమంతా ఆ దూరంలో ఉంది, దూరాన్ని దూరంతోనే హెచ్చించి దానితో ముక్క వైశాల్యాన్ని గుణించాలి, అంటే అదే ముక్కని రెండింతల దూరంలో పెడితే నాలుగింతలు, మూడింతల దూరంలో పెడితే తొమ్మిదింతలు. అదే ఇనుము. ఒక్క గ్రాము కలపలేదు. జరిపామంతే. ఆమె ఆ రోజు క్లాసు అయిపోయాక కూడా లేవలేదు. స్నేహితురాలు భుజం కుదిపి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. బాగానే ఉంది, ఒక తలుపు తెరుచుకుంది, అంతే, దాని అవతలేముందో చూస్తోంది.

ఎందుకంటే ఆమెకు ఆ జవాబు చాలా ఏళ్ళుగా బాకీ ఉంది. ఇంటి వెనక వానకాలువ మీద దాటడానికి వేసిన చెక్కపలక, తనూ తమ్ముడూ, పలక మధ్యకొచ్చేసరికి అది ఉయ్యాలలా కిందికి పోయి వాళ్ళ పాదాలను నీళ్ళలో ముంచేది. వాడికి అదే సరదా, ఊగడానికే మళ్ళీ మళ్ళీ నడిచేవాడు. ఒకరోజు ఏమనుకున్నాడో పలకను లేపి పక్కకు తిప్పి అంచు మీద నిలబెట్టాడు, దాని మీద గుర్రమెక్కినట్టు చెరో వైపు కాళ్ళు వేసి కూర్చుని, గాల్లోకి ఎగిరి ధబేలుమని కూలబడ్డాడు, మళ్ళీ ఎగిరాడు. పలక చలించలేదు. "అక్కా, దీనికి కోపమొచ్చింది, వంగనంటోంది!" అని అరిచాడు. అదే చెక్క, అదే పిల్లాడు, అదే కాలువ. పడుకోబెడితే వంగింది, నిలబెడితే వంగలేదు. వాడు ఆ సంగతి సాయంత్రానికే మరిచిపోయాడు, ఆమె మాత్రం ఏళ్ళ తరబడి కనపడ్డ ప్రతి స్కేలునూ, ప్రతి అట్టముక్కనూ ఇటూ అటూ తిప్పి వంచి చూస్తూనే ఉంది.

సూది మళ్ళీ పరుగెత్తింది. రెండో బండి. ఐదు, ఆరు. తుప్పు పొడి. మూడో బండి. పైన ఎవరో "రానీ, రానీ, ఇంకొంచెం, ఆ, ఆపు" అంటున్నారు. గర్డరు లోపల్నుంచి ఒక మూలుగు వినిపించింది, నిద్రలో పక్కకు తిరిగిన పెద్దమనిషి మూలుగులాగా, అది పాత కీళ్ళు సర్దుకుంటున్న చప్పుడని ఆమె బుద్ధికి తెలుసు, కాళ్ళకు తెలియలేదు, అవి మంచె మెట్ల వైపు తిరిగాయి. వెనక్కి తిప్పుకుంది. నాలుగో బండి. ఇంజన్లు ఆగిపోయాయి. ఇక గంటసేపు బరువు అలాగే ఉంచాలి, సూది ఎక్కడ నిలుస్తుందో చూడాలి, ఆ తర్వాత బరువు తీసేస్తే గర్డరు మళ్ళీ మొదటి చోటికి వస్తుందో రాదో చూడాలి, వంగడం తప్పు కాదు, వంగి లేవకపోవడమే తప్పు. అప్పుడే ఫోను మోగింది. ఒడ్డు మీంచి పెద్ద ఇంజనీరు.

"ముగ్గురు డ్రైవర్లు దిగి వచ్చేశారమ్మా. మొదటి బండి అతను దిగనంటున్నాడు."

"ఎందుకటండీ?"

"నిన్నే అడగమంటున్నాడు. మీ తమ్ముడటగా!"

ఇసుక కంపెనీ నాలుగు బండ్లు పంపుతానంది, తమ్ముడు అక్కడే బండి తోలుతున్నా, ఎవరు తోలుకొస్తారో ఆమె అడగలేదు. ఇంట్లో అందరూ వాణ్ణి పిడుగు అంటారు, పెళ్ళయి, పాప పుట్టి, నెత్తిన రెండు తెల్ల వెంట్రుకలొచ్చినా పిడుగే. ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏరా, నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావు?"

"బండి నాది, వంతెన నీది. ఇంకొకణ్ణి ఎందుకు రానిస్తానక్కా?"

"సరే, వచ్చావుగా, ఇక దిగు."

"నువ్వు బయటికి రా, దిగుతా."

"నేను గేజి చూడాలిరా."

"చూడు, ఎవరొద్దన్నారు? నేను పైన కూచుని పాటలు వింటా."

"పిడుగూ, పరాచికాలాడకు. బరువు పెట్టాక మనిషన్నవాడు వంతెన మీద ఉండకూడదు, అది రూలు."

"కింద ఉండొచ్చా?"

ఉండకూడదు. దూరం నుంచి చదివే గేజి రాలేదు, వచ్చేదాకా ఆగితే వానలు మొదలై పరీక్ష వచ్చే ఏటికి పోతుంది, అందుకే ఆమె తానే పూచీ పడి సంతకం చేసింది. ఆ సంగతి వీడికి ఎవరు చెప్పారో.

"నీ లెక్క మీద నీకు నమ్మకం ఉండబట్టే కదా కింద నిలబడ్డావు" అన్నాడు వాడు.

"అది నమ్మకం కాదురా, లెక్క."

"నాకు లెక్క రాదుగా అక్కా. అందుకని నమ్మకం."

ఫోను పెట్టేశాడు. ఒడ్డు మీంచి పెద్ద ఇంజనీరు మళ్ళీ చేశాడు, "మీ ఇంటిల్లిపాదీ ఇంతేనా? ఇప్పుడు బండి కదిపితే మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి, సీట్లోంచి కదలొద్దని చెప్పు" అని విసుక్కుని ఊరుకున్నాడు.

వాడు పైన, తను కింద. మధ్యలో ఏముంది, ఒక సీటు, టైర్లు, పాత కాంక్రీటు పలక, దాని కింద ఈ ఇనుము, ముక్కలు ముక్కలుగా చేసి, ప్రతి ముక్కనూ తూచి, మళ్ళీ కలిపి కాగితం మీద నిలబెట్టిన ఇనుము. ఇంతకు ముందు అందులో తప్పుంటే తను పోతుందనుకుంది, ఆ ఆలోచన అంత బరువుగా తోచలేదు, తన పని, తన పూచీ. ఇప్పుడు ఆ తప్పులో అవతలి ఒడ్డున ఉన్న వాడి పాప కూడా ఉంది, నిన్నగాక మొన్న ఒళ్ళో కూర్చుని తన కళ్ళజోడు పీకి నోట్లో పెట్టుకున్న పాప, చీకటి పడేలోగా నాన్న వస్తాడని గుమ్మంలో దోగాడే పాప, నాన్న కొండ చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎప్పుడూ నిద్రపోయి ఉండే పాప. ఆమె మనసు తనంతట తానే లెక్క మొదటికి పరుగెత్తింది. నిలువు రేకు, సొంత పట్టు, దూరం తక్కువ. కమ్మీలు నాలుగు, వాటి దూరం. పై పలక. కింది పలక. కొత్త పలక, అన్నిటికంటే దూరం, అన్నిటికంటే బలం. ఇక తీసివేతలు, తుప్పు తిన్న మేర తీసెయ్, రివెట్ల కోసం తొలిచిన రంధ్రాలు తీసెయ్, లేని చోటును కూడా ఉన్నదానిలాగే కొలిచి, దాని దూరం కూడా చూసి, వర్గం చేసి తీసెయ్యాలి, ముక్కల మాస్టారు "చిల్లును చిన్నచూపు చూడకండి" అనేవాడు, చూడలేదు మాస్టారూ, ఒక్క చిల్లునూ వదల్లేదు, ప్రతి రివెట్టుకీ తీసేశాను.

సూది పదకొండు దగ్గర నిలబడింది.

ఆమె కళ్ళు మూసి తెరిచింది. పదకొండే. గేజిని వేలితో తట్టింది, సూది వణికి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఫోనులో చెబితే ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు, పెద్ద ఇంజనీరు గొంతులో మొదటిసారి వెచ్చదనం వినిపించింది, "తక్కువ వస్తే ఇంకా మంచిదే కదమ్మా!" మంచిదా? తక్కువంటే తనకు తెలియనిదేదో ఉంది. మంచె కుంగుతోందా? మంచె కూడా గర్డరుతో పాటు ఇసుకలోకి దిగుతుంటే గేజి తక్కువే చూపిస్తుంది, అబద్ధం చెబుతుంది, మనం చప్పట్లు కొడుతుంటాం. "సార్, అవతలి నుంచి దుర్భిణి పెట్టి చూడమనండి, గర్డరు మధ్య గుర్తు ఎంత దిగిందో." ఎదురుచూసింది. నీళ్ళు పోతున్నాయి. పైన సన్నగా పాట వినిపిస్తోంది, నిజంగానే పెట్టాడు వెధవ. జవాబొచ్చింది. అక్కడా పదకొండే. అంటే గేజి నిజమే చెప్పింది, మంచె కదల్లేదు, బండ్లు తూచి తెచ్చినవే, ఇనుము ఇనుమే. తన లెక్కలోనే ఏదో ముక్క లేదు. ఏ ముక్క? అన్నీ ఉన్నాయి. నిలువు రేకు, కమ్మీలు, పలకలు, అన్నీ. అప్పుడు ఆమె తలెత్తింది, ఆ పూట మొదటిసారి.

గర్డరు పై అంచుకూ దాని మీది కాంక్రీటుకూ మధ్య, ఏళ్ళ తరబడి వాననీరు కారి గట్టిపడ్డ తెల్లటి సున్నపు చార ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. టార్చి వేసి చూసింది. చార ఎక్కడా చిట్లలేదు. ఇంత బరువు కింద గర్డరు వంగింది కదా, కాంక్రీటు దాని మీద ఊరికే కూర్చుని ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి జారి ఈ చార పగలాలి, పెళ్ళలు రాలాలి. రాల్లేదు. అంటే జారలేదు. అంటే కాంక్రీటు ఊరికే కూర్చుని లేదు, ఇనుమును పట్టుకుని ఉంది. ఎలా పట్టుకుంది? టార్చి వెలుగు ఒక చోట ఆగింది, కాంక్రీటు పెచ్చు ఊడిన చోట, అక్కడ గర్డరు నెత్తిన బొడిపెల్లాగా వరుసగా రివెట్ల తలలు, కాంక్రీటులోకి పాతుకుపోయి, పళ్ళు దిగినట్టు. తను ఒక్కొక్కటిగా ఏరి తీసేసిన రివెట్లు. రంధ్రమనుకుని తీసేసింది, ఆ రంధ్రంలో ఉన్న రివెట్టు తల పైకి వచ్చి ఇంత కాంక్రీటునూ తెచ్చి గర్డరుకు కట్టేసిన సంగతి చూడలేదు. బరువనుకుంది దాన్ని. మోయవలసిన బరువుల్లో రాసింది. అది ఇన్నాళ్ళూ పక్కన నిలబడి మోస్తోంది.

అయితే ఉమ్మడి గీత తను అనుకున్న చోట లేదు. పైన అంత వెడల్పాటి కాంక్రీటు కలిస్తే గీత పైకి లాగబడుతుంది, జానెడో, ఇంకొంచెమో, కళ్ళ ముందే అది గర్డరు నడుములోంచి మెల్లగా పైకి లేస్తున్నట్టనిపించింది, ఏటి మీద పొద్దున మంచు లేచినట్టు. గీత పైకి పోతే అడుగున ఉన్న తన పలక ఇంకా దూరమవుతుంది. దూరమయ్యేకొద్దీ దాని బలం వర్గంగా పెరుగుతుంది. మనసులోనే వేసింది లెక్క, కాంక్రీటును ఇనుముతో సమానం చేసి కుదించింది, పట్టు పూర్తిగా ఉండదు, రివెట్ల తలలు కొంతే పడతాయి, కొంత వదిలేసింది, గీతను జరిపింది, దూరాలు మార్చింది, వర్గాలు, గుణకారాలు, ఉజ్జాయింపుగా అంకెలు ఒకదాని వెనకొకటి వచ్చి నిలబడ్డాయి. పదకొండుకు అటూ ఇటూ. ఎవరు బిగించారో ఆ రివెట్లు, ఎర్రగా కాల్చి, ఒకడు పట్టకారతో అందిస్తే ఇంకొకడు సుత్తితో కొట్టి, పలకను పలకకు అతికించడమే వాళ్ళ పని, కాంక్రీటు పోసినవాళ్ళు మరెవరో, వంతెనకు రోడ్డు వెయ్యడమే వాళ్ళ పని. ఈ రెండు ముఠాలూ ఒకరినొకరు చూసుకున్నారో లేదో. ఇనుముకు ఎవరూ లెక్క చెప్పలేదు, అది తనకు తాకిన ప్రతిదాన్నీ తనలో కలుపుకుంది, గీతను తానే వెతుక్కుంది, ఎక్కడ నిలబెట్టాలో అక్కడ నిలబెట్టుకుంది. ఇన్నేళ్ళు చదివి తను చేసేదల్లా దాని వెనకాల పరుగెత్తడం. ఆ తలంపు వచ్చేసరికి ఆమెకు సిగ్గు వెయ్యలేదు. చెయ్యి చాపి కొత్త పలకను తాకింది, చల్లగా ఉంది, బిగదీసిన తీగలాగా లోపల ఏదో నిశ్శబ్దంగా పని చేస్తోంది.

గంట ముగిసింది. బండ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే సూది వెనక్కి తిరిగింది, ఎనిమిది, ఐదు, మూడు. చివరిది పిడుగు బండి. సూది సున్న పక్కన రెండు గీతల దగ్గర ఆగింది, కాసేపు ఆలోచించుకున్నట్టు ఉండి, ఒక గీత వదిలింది, ఇంకొకటి వదిలింది. సున్న.

పెద్ద ఇంజనీరు ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి మంచె దాకా వచ్చాడు. రివెట్ల తలల సంగతి చెబితే టార్చి లాక్కుని చాలాసేపు చూశాడు. "తుప్పు ఒక్కటే చూశాను నేను" అన్నాడు చివరికి, టార్చి తిరిగి ఇచ్చేశాడు. "తెరిచేద్దామమ్మా." ఆయన వెనకే తమ్ముడు, చెప్పులు చేతిలో పట్టుకుని.

"ఎంత వంగిందక్కా?"

ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించింది.

"అంతేనా?" వాడి ముఖం చిన్నబోయింది. "నాలుగు బండ్లకీ అంతేనా! నాకసలు తెలియనే లేదు. మరి మనిషి నడిస్తే ఏమవుతుంది? దానికి ఆనదేమో!"

"ఇక్కడ నిలబడు" అంది ఆమె. "ఈ సూదినే చూడు. రెప్ప వెయ్యకు."

మెట్లు దిగి, నీళ్ళు దాటి, గట్టెక్కి, వంతెన మీదికి వచ్చింది. ఎవరూ లేరు, బండ్ల చక్రాల తడి జాడలు తప్ప. పిట్టగోడ పక్కన, సరిగ్గా గర్డరు మీదుగా నడిచింది, మామూలుగా, కూరగాయలకు వెళ్ళే మనిషిలాగా. కొండ మీది ఎండ అప్పుడే రోడ్డు మీదికి దిగుతోంది. మధ్యకు వచ్చి ఆగింది. తన బరువెంత, ఆ ఇనుము ముందు ఏపాటిది, లెక్క ప్రకారం ఒక గీత, మహా అయితే రెండు. లెక్క అలా చెబుతుంది గానీ.

కింద నుంచి గొంతు వచ్చింది, కాంక్రీటులోంచి, ఇనుములోంచి, వాడి చిన్నప్పటి గొంతులా కీచుగా.

"కదిలిందక్కా! నీకు కూడా కదిలింది!"